గుడ్డమ్మల కింది పేరు

నా భోజనాల కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది ఆ బ్యాంకు. పొద్దున్నే పొయ్యి వెలిగించి తలుపు తీస్తే, చూడాలని ఉన్నా లేకున్నా కళ్ళబడేది అదే. దాని పిట్టగోడ మీద నలుగురు రాతి ఆడవాళ్ళు కుర్చీలేసుకుని కూర్చుని ఉంటారు. కట్టినవాళ్ళు వాళ్ళకి ఉన్ని, బొగ్గు, ఓడ, సమృద్ధి అని ఘనంగా పేర్లు పెట్టారు. ఊరు మాత్రం చూపులేని గుడ్డమ్మలంటుంది. వాళ్ళ కాళ్ళ కింద బండ మీద ‘ఈనక్ హోల్‌రాయిడ్, శిల్పి’ అని జానెడేసి అక్షరాలున్నాయి. ఆ ఈనక్ నా మరిది, మా చెల్లెలు తబిత మొగుడు. అతను పోయి నాలుగు నెలలయింది. అతని గురించి బ్రాడ్‌ఫర్డులో చెప్పుకునేదంతా తప్పు కాబట్టి, నాకు తెలిసింది నేను చెబుతున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. అదీ చెబుతాను.

ఈనక్ తండ్రి ఉన్ని దువ్వేవాడు. చేత్తో దువ్వే రోజులు పోయి యంత్రాలు వచ్చేసరికి ఆ ముసలాయన ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు. పదకొండో ఏట ఈనక్ రాతి గనికి పోయాడు. ఇరవై దాటేసరికి చేతిలో ఉలి నిలిచింది. అక్కణ్ణుంచి పాతికేళ్ళకు పైగా అతను చెయ్యని పని లేదు. చర్చీల్లో తీగలు చెక్కాడు, గిడ్డంగుల గుమ్మాల మీద పొట్టేలు తలలు చెక్కాడు, మిల్లు యజమానుల మేడలకు గులాబీలు చెక్కాడు. ఎక్కడో లండన్‌లో ఒక పెద్దమనిషి మట్టితో మూరెడు బొమ్మ చేసి పెట్టెలో పంపేవాడు. ఈనక్ దాన్ని చూసి ఆరడుగుల రాయి చెక్కేవాడు. పేపర్లో పేరు మట్టివాడిది పడేది. రాతివాడికి గంటకింత అని కూలి ముట్టేది, అంతే.

దాని గురించి అతను ఎప్పుడూ సణగలేదు. అసలు మాట్లాడేదే తక్కువ. ఇంటికి రాగానే తబిత అతని కోటు విప్పించి పెరట్లో దులిపేది. ఆ దుమ్ము పక్కింటివాళ్ళ ఉతికిన బట్టల మీద పడి రోజూ తగువే. మిగిలిన దుమ్మంతా ఈనక్ లోపలే ఉండిపోయిందని చివరి రోజుల్లో అతని దగ్గు విన్నాకే మాకు తెలిసింది.

ఒక్క విషయంలో మాత్రం అతని నోరు ఊరుకునేది కాదు. అది రాతి బొమ్మల కళ్ళ సంగతి. నాతో బజారుకొచ్చినవాడు నడిరోడ్డు మీద ఆగి, ఏ కట్టడం మీదో బొమ్మ చూపించి, దానికి చూపు లేదు వదినా అనేవాడు. అరవై అడుగుల ఎత్తున కూర్చునే మొహాన్ని మన మొహంలా చెక్కితే పనికిరాదట. కింద నుంచి చూస్తే గడ్డం పెద్దదవుతుంది, నుదురు కుంచించుకుపోతుంది. అందుకని నుదురు చూరులా ముందుకు రావాలి, కన్ను లోతుగా తవ్వాలి. ఆ గుంటలో నీడ నిలిస్తేనే కింద మనిషికి అది చూపులా కనబడుతుంది. పైగా మాది పొగ ఊరు. రెండొందల మిల్లు గొట్టాల పొగ. గుంటల్లో మసి పడుతుంది, మిట్టల్ని వాన కడుగుతుంది. లోతుగా చెక్కితే ఆ మసి కూడా మన తరపున పని చేస్తుందనేవాడు. పైపైన చెక్కితే రెండేళ్ళలో మొహమంతా ఒకే నలుపు. ఈ పాఠం నేను కనీసం వంద సార్లు వినుంటాను. విన్నానే గానీ, ఒక్కసారీ తల పైకెత్తి సరిగ్గా చూడలేదు.

పద్దెనిమిది వందల డెబ్బై నాలుగో సంవత్సరంలో ఆ బ్యాంకు కట్టడం మొదలయింది. దాని ప్లాను గీసిన ఆయన ఈనక్ పని ఎక్కడో చూశాడు. పిట్టగోడ మీది నాలుగు బొమ్మలూ నువ్వే ఊహించు, మట్టి నమూనా నువ్వే చెయ్యి, రాయీ నువ్వే చెక్కు అన్నాడు. కింద బండ మీద పేరు కూడా నీదే వేయిస్తామన్నాడు. ఆ రోజు ఈనక్ నా కొట్టుకొచ్చి ఉల్లిపాయలేసిన పేగుల కూర రెండు పళ్ళేలు తిన్నాడు. అదే మాట మూడుసార్లు చెప్పాడు. అప్పటికి అతనికి నలభై ఏడేళ్ళు. పెళ్ళప్పుడు కూడా ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

సంవత్సరం పాటు రాతి పెరట్లోనే ఉన్నాడు. ఒక్కొక్కటీ ఎనిమిదడుగుల బొమ్మ. నాలుగూ ఒక రూపానికొచ్చాయని తెలిసి తబితా నేనూ చూడ్డానికెళ్ళాం. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. ముందుకు పొడుచుకొచ్చిన నుదుళ్ళు, నా పిడికిలి పట్టేంత కంటి గుంటలు, గొడ్డలితో నరికినట్టున్న పెదాలు. ఉన్ని పేరు పెట్టిన ఉన్నమ్మ ఒళ్ళో గొర్రె బొచ్చు తాళ్ళ కట్టలా ఉంది. నూతిలోంచి తీసిన శవాల్లా ఉన్నాయే అని తబిత చెవిలో అని నవ్వాను కూడా. ఈనక్ వినలేదు. నడుం మీద చేతులేసుకుని, తన బొమ్మల్ని కాదు, వాటి పైనున్న ఖాళీని చూస్తూ నిలబడ్డాడు.

తర్వాతి వారం బ్యాంకు డైరెక్టర్లు చూడ్డానికొచ్చారు. వాన పడుతోంది. పెద్దాయన క్రాబ్‌ట్రీ పెళ్ళాన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. మొగుడికి అన్నం క్యారేజీ తెచ్చిన తబిత షెడ్డు వెనకే ఉంది, ఒక్క మాట పొల్లుపోకుండా నాకు చెప్పింది. క్రాబ్‌ట్రీ ముందుగా ఉన్నమ్మ దగ్గరికెళ్ళి, గొడుగు మొన ఆమె కంట్లో పెట్టి నొక్కి చూశాడట.

“ఏమోయ్ హోల్‌రాయిడ్, రెండంగుళాలు దిగింది. ఇది కన్నా, ఎలక బొక్కా?”

“అరవై అడుగుల పైన పెట్టే మొహం దొరగారూ. కింద నిలబడి చూస్తే కన్నే.”

“నేను ఇక్కడే నిలబడి చూస్తున్నానుగా.”

ఒక్కదాన్ని పైకెక్కించి రోడ్డు మీంచి చూడమన్నాడు ఈనక్. నచ్చకపోతే దింపించి, వాళ్ళు చెప్పినట్టే చెక్కుతానన్నాడు. ఎక్కించి దింపే కూలి నీ జేబులోంచి ఇస్తావా అని ఇంకో డైరెక్టరు నవ్వాడు. వానలో రోడ్డు మీద నిలబడి ఆకాశంలోకి చూసే ఓపిక తమకి లేదన్నాడు మరొకాయన. క్రాబ్‌ట్రీ పెళ్ళాం చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇలాంటి మొహాలుంటే మర్యాదైన ఆడవాళ్ళెవరూ బ్యాంకు గడప తొక్కరంది. ప్లాను గీసిన ఆయన అక్కడే ఉన్నాడు. తన బూట్లకంటిన బురద చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ మనిషి ఒక్క మాటంటే సరిపోయేది. నోరు విప్పలేదు.

చివరికి క్రాబ్‌ట్రీ తేల్చేశాడు. “నీ పేరు పడాలంటే మొహాలు మొహాల్లా ఉండాలి. కాదంటావా, లీడ్స్ నుంచి వేరే మనిషిని పిలిపిస్తాం. పేరూ అతందే పడుతుంది. శనివారం లోపు చెప్పు.”

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఈనక్ నా వంటింట్లోకొచ్చాడు. మిల్లు గంట కొట్టే వేళ. బయట నలభై మంది జనం, లోపల పొయ్యి మీద మాంసం కూర, బల్ల మీద, ఆ కూర కూరి కాల్చే పైల కోసం పిసికిన పిండి. అడక్కుండానే ఆ పిండి రెండు ముద్దలు తీసుకుని బొటనవేలితో రెండు మొహాలు చేశాడు. ఒకటి నున్నగా ముద్దుగా ఉంది. రెండోదానికి కళ్ళు లోతుగా పొడిచాడు, నుదురు లాగాడు. రెంటినీ తీసుకెళ్ళి ఎత్తైన అలమర నెత్తిన పెట్టాడు.

“వదినా, ఒక్క నిమిషం ఆ వీధి తలుపు దగ్గరికెళ్ళి ఇటు చూడు. ఏది నిన్ను చూస్తోందో చెప్పు.”

“నాకిప్పుడు తీరికెక్కడిది ఈనక్. పైలు మాడుతున్నాయి.”

“ఒక్క నిమిషమే.”

“వాళ్ళ బ్యాంకు, వాళ్ళ రాయి. వాళ్ళకి ముద్దొచ్చేట్టు చేసిచ్చి నీ పేరు వేయించుకో. ఇన్నాళ్ళూ ఎవడెవడి పేరు కిందో చాకిరీ చేశావు, చాలదా? తబిత మొహం చూడు ఒకసారి.”

“రాయి తీసేస్తే మళ్ళీ పెట్టలేం వదినా.”

“పేరు తీసేస్తే వాళ్ళు మళ్ళీ పెడతారా?”

 అతను చేతికంటిన పిండి దులుపుకుని వెళ్ళిపోయాడు. జనం తగ్గాక నేను స్టూలేసుకుని ఆ రెండు మొహాలూ దింపి, పిండిలో కలిపేసి, సాయంత్రానికి పైలు చేశాను. తలుపు దగ్గరికి పది అడుగులు. ఆ పది అడుగులు నేను వెయ్యలేదు.

శనివారం ఈనక్ సరేనన్నాడు. పదకొండు రోజులు పట్టింది ఆ నలుగురి మొహాలూ నున్నన చెయ్యడానికి. నుదుళ్ళు చెక్కేశాడు, ముక్కులు తగ్గించాడు, కంటి గుంటల అంచులు అరగదీసి లోతు పోగొట్టాడు, పెదాలు బొమ్మ పెదాలయ్యాయి. ఆ పదకొండు రోజులూ ఇంట్లో అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేవాడని తబిత ఏడ్చింది. డైరెక్టర్లు మళ్ళీ వచ్చి, మొహాల మీద చెయ్యి నిమిరి చూసి మెచ్చుకున్నారు. క్రాబ్‌ట్రీ పెళ్ళాం సమృద్ధమ్మ బుగ్గ గిల్లిందట.

పేరు చెక్కుకోవడానికి అనుమతిచ్చారు. ఆ అక్షరాలు ఈనకే చెక్కాడు. ఎవరూ వచ్చి చూడలేదు, ఎవరూ గొడుగు పెట్టి పొడవలేదు. అందుకని వాటిని తనకి తెలిసిన పద్ధతిలో చెక్కాడు. అరవై అడుగుల కింద నిలబడ్డవాడికి కనబడేట్టు, నీడ నిలిచేట్టు, మసి పట్టినకొద్దీ తేటపడేట్టు చెక్కాడు.

బొమ్మల్ని పైకెక్కించేముందు నాలుగు రోజులు ఖాళీ దొరికింది. బ్యాంకుకు ఒక పక్క ఇరుకు సందుంది. బొగ్గు బండ్లు తప్ప ఇంకేమీ వెళ్ళని సందు. ఆ గోడ మీద, పొగగొట్టం కింద, మొరటు రాయి ఒకటి పేర్చి వదిలేశారు. ప్లానులో దాని పక్కన ‘తల’ అని రాసుందట. ఎవరి తలో రాయలేదు. మేస్త్రీ దాన్ని కూడా కానిచ్చెయ్యమన్నాడు. ఈనక్ పరంజా ఎక్కి, కట్టిన గోడ మీదే, ఆ నాలుగు రోజుల్లో ఒక ముసలాడి తల చెక్కి దిగొచ్చాడు. నోరు తెరిచి ఎవరినో కేకేస్తున్న ముసలాడు. ఎవరిదని నేనడిగితే, ఉన్ని దువ్వేవాళ్ళలో ఎవడో ఒకడన్నాడు. డైరెక్టర్లలో ఒక్కడూ ఆ సందులోకి తొంగి చూడలేదు.

ప్రారంభం రోజున బ్యాండు మేళం పెట్టారు. మేయరు వచ్చాడు. బొమ్మల మీద కప్పిన గుడ్డలు లాగేశారు. రోడ్డు నిండా ఉన్న జనం తలలెత్తి చూశారు. నేనూ తబితా నా కొట్టు మెట్ల మీద నిలబడ్డాం. ఈనక్ కొత్త కోటు వేసుకుని మా పక్కనే ఉన్నాడు. పైన కూర్చున్న నలుగురికీ మొహాలు లేవు. గడ్డాలున్నాయి, వాటి పైన ఏమీ లేదు.  జనంలోంచి ఒక మిల్లు మనిషి గట్టిగా అడిగాడు.

“నాలుగు ఉడకబెట్టిన బంగాళదుంపల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారేంట్రా?”

రోడ్డంతా నవ్వింది. ఇంకెవడో, డబ్బు కాపలాకి గుడ్డమ్మల్ని పెట్టారురా, ఇక మనకు దిగుల్లేదు అన్నాడు. అప్పుడు ఎవరో అక్షరాలు చూశారు. అవి మాత్రం అందరికీ బాగా కనబడ్డాయి. చదువురానివాళ్ళు కూడా పక్కవాళ్ళని అడిగి తెలుసుకున్నారు. ఈనక్ మా మధ్యలోంచి మెల్లిగా కొట్టు లోపలికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చున్నాడు.

పేపర్లో రాశారు, ఈ హోల్‌రాయిడ్ అనే అతను మనిషి మొహాన్ని ఎప్పుడూ సరిగ్గా చూసినట్టు లేదని. క్రాబ్‌ట్రీ అందరితో ఏం చేస్తాం, స్థానికుడికి అవకాశమిచ్చి మోసపోయాం అని చెప్పుకు తిరిగాడు. ప్లాను గీసిన ఆయన ఏ ఊరో వెళ్ళిపోయాడు. సిగ్గూ శరమూ లేని జన్మలు. వాళ్ళలో ఒక్కడి పేరైనా ఆ బండ మీద ఉందా అంటే లేదు.

ఆ వారం నేను చేసిన పనొకటుంది, ఎవరికీ చెప్పలేదు. కొట్టు మూశాక పిండితో రెండు మొహాలు చేశాను, ఈనక్ చేసినట్టే, నాకొచ్చినట్టు. అలమర మీద పెట్టి వీధి తలుపు దగ్గరికెళ్ళి చూశాను. ముద్దు మొహం పిండి ముద్దే. వికారంగా ఉన్నది నన్ను చూస్తోంది. అక్కడే గడప మీద కూలబడి ఏడ్చాను. అప్పుడు ఏడ్చి ఎవరికి లాభం.

ఈనక్ బ్యాంకుకు నాలుగుసార్లు వెళ్ళాడు. పేరు తీసెయ్యనివ్వండి, పరంజా ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాడు. పేరు కావాలని అడిగింది నువ్వే కదా అన్నారు. బండ బ్యాంకు ఆస్తి, దాని మీద ఉలి పెడితే పోలీసుల్ని పిలుస్తామన్నారు. ఐదోసారి గుమ్మం దగ్గరే ఆపేశారు. ఆ తర్వాత అతనికి బొమ్మ పని ఇచ్చినవాడు లేడు. పెద్ద కట్టడాల పరంజాల మీద, మట్టివాళ్ళ బొమ్మలు చూసి చెక్కే కూలిపని కూడా పోయింది. గోరీల రాళ్ళ మీద అక్షరాలు చెక్కుకుంటూ బతికాడు. ఎవరెవరి పేర్లో. తబిత చర్చికి మా వీధి వదిలేసి చుట్టూ తిరిగి వెళ్ళేది. పదేళ్ళకి ఆమె పోయింది. ఆమె రాయి మీద అక్షరాలూ అతనే చెక్కాడు. తర్వాత నుంచి మధ్యాహ్నం భోజనం నా దగ్గరే. ఎప్పుడూ కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాడు. ఒక్కరోజూ నన్ను ఒక్క మాటనలేదు. అనుంటే నాకు కొంచెం తేలికయ్యేది.

పోయిన అక్టోబరులో ఒకరోజు కుర్ర పంతులొకడు తడిసిన బూట్లతో లోపలికొచ్చాడు. లీడ్స్‌లో బొమ్మలు గీయడం నేర్పుతాడట. చేతులు చలికి ఎర్రబడ్డాయి. రెండు గంటలు ఆ బొగ్గు సందులో నిలబడి పొగగొట్టం కింది ముసలాణ్ణి గీసుకున్నానన్నాడు. టీ అడిగి, పుస్తకం తెరిచి, ఈనక్ కూర్చున్న బల్ల దగ్గరే కూర్చున్నాడు.

“అమ్మా, ఆ తల ఎవరు చెక్కారో ఊళ్ళో ఎవరికైనా తెలుసా? ఇలాంటి పని నేను ఈ చుట్టుపక్కల ఎక్కడా చూళ్ళేదు.”

ముందువైపు పేరుందిగా, చదవలేదా అన్నాను.

అతను నవ్వాడు. “ఆ గుడ్డమ్మల్ని చేసిన మనిషా? అతనికి కన్నంటే ఏంటో తెలీదమ్మా. ఇది వేరే చెయ్యి. ఏ ఇటలీవాడో వచ్చిపోయుంటాడు.”

నా చేతిలో గరిటె ఉంది. వాడి నెత్తిన వేసేదాన్నే. నోరు తెరిచేలోపు ఈనక్ నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఊరుకో వదినా.” తర్వాత అతని వైపు తిరిగి అడిగాడు. “దాంట్లో అంత బాగున్నదేంటి బాబూ? నాకు తెలీక అడుగుతున్నా.”

పంతులు పుస్తకం తిప్పి చూపించాడు. నుదురు ఎందుకు ముందుకొచ్చిందో చెప్పాడు. కన్ను ఎంత లోతు తవ్వాడో, ఆ నీడ ఎలా చూపవుతుందో చెప్పాడు. మసి కూడా ఆ చెక్కినవాడి లెక్క ప్రకారమే పడిందన్నాడు. నేను వంద సార్లు విని విసుక్కున్న పాఠమే, పొల్లుపోకుండా. ఈనక్ ముందుకు వంగి, దగ్గు ఆపుకుంటూ, ఒక్కో మాటకీ తలాడిస్తూ విన్నాడు.

“నోరు మరీ పెద్దదయిందేమో?” అన్నాడు మధ్యలో.

“లేదండీ. దగ్గర్నుంచి చూస్తే పెద్దదే. కింద నుంచి సరిగ్గా సరిపోయింది. ఆ మనిషికి బాగా తెలుసు.”

“తెలిసినవాడే అయ్యుంటాడు,” అన్నాడు ఈనక్.

పంతులు టీ డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తలుపు పడగానే నేను ఈనక్ మీద విరుచుకుపడ్డాను. ఇరవై మూడేళ్ళకి ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నీ పని చూసి మెచ్చుకుంటే, అది నాదేనని నోరు విప్పి చెప్పలేవా అని అడిగాను. నేను చెబుతానంటే ఎందుకు ఆపావని నిలదీశాను.  అతను కప్పు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత, ఇన్నేళ్ళలో నాతో ఎప్పుడూ అననంత మెల్లిగా అన్నాడు.

“ఆ ఒక్కదానికి నేను పేరడగలేదు వదినా.”

చల్లారిన టీ తాగేసి, టోపీ పెట్టుకుని, కిటికీ వైపు చూడకుండా బయటికెళ్ళాడు.